తొండూరు దాటేలోపల

“ఈ బస్సుకు బ్రేకులుండాయో లేవో ఎవురన్నా చూసినారా?”

బస్సు ఇంకా కదలనే లేదు. ప్రొద్దుటూరు బస్టాండులో తలుపు తెరిచిపెట్టి డ్రైవరు టీ తాగడానికి పోయి ఉన్నాడు. శ్యామలమ్మ ఆ మాట ఫలానా వాళ్ళనని అడగలేదు, ముందు సీటు వీపుకు చెప్పినట్టు పైకి అనేసింది. పక్కన కిటికీ దగ్గర కూర్చున్న కొడుకు దస్తగిరి బయటికి చూస్తున్నాడు. వెనక సీటులోంచి తెల్లగడ్డం ముసలాయన ఒకడు మాత్రం, “ఒక బ్రేకుందిలేమ్మా, అది డ్రైవరు కాలికింద లేదు, పైనుండే ఆయన చేతిలో ఉంది,” అన్నాడు. నలుగురు నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. బావి దగ్గరికి పోతే చేద తెగుతుందనీ, పొయ్యి దగ్గర కూర్చుంటే కొంగు అంటుకుంటుందనీ, మొగుడు ఆఫీసునుంచి పావుగంట ఆలస్యమైతే సైకిలు కాలవలో పడిందనీ ముందే అనుకుని పెట్టుకునే మనిషి ఆమె. చెడును ముందుగా పేరుపెట్టి పిలిస్తే అది సిగ్గుపడి వెనక్కి మళ్ళుతుందని తల్లి నేర్పిన ధైర్యం. కానీ ఈ పొద్దు బ్రేకుల మాట పెదవి మీదిదే. లోపల ఉన్నది వేరు. ఈ బస్సు కదలకపోతే బాగుండు, టైరు పేలితే బాగుండు, డ్రైవరుకు కడుపునొప్పి వస్తే బాగుండు, పులివెందుల అనే ఊరు అసలు రాకపోతే బాగుండు.

పులివెందులలో ఇక్బాల్ ఉన్నాడు. మొన్న దస్తగిరి బెంగుళూరు పటాలంనుంచి సెలవు మీద వచ్చి, బూట్లు విప్పి, చెంబుడు నీళ్ళు తాగి, మొట్టమొదట అడిగిన మాట ఇక్బాల్ ఇంటికొచ్చినాడా అని. వాళ్ళ నాయన గణపతి, తాలూకాఫీసు గుమాస్తా, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, ఆ ద్రోహి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నాడు. ఎత్తొద్దంటూనే పులివెందులలో ఏదో మోటారు షెడ్డులో పనికి కుదిరాడంట అని కూడా చెప్పాడు. వానితో నీకేం పని అని ఆమె అడిగితే కొడుకు “పనుంది” అన్నాడు. అంతే. ఆ తర్వాత రెండు రోజులూ కట్టెలు కొట్టాడు, దొడ్డిగోడకు మట్టి మెత్తాడు, పెట్టింది తిన్నాడు, మాట్లాడలేదు. పనుంది. ఆ మాట ఆమె చెవిలో కత్తి నూరినట్టు అరుగుతూనే ఉంది. పోయిన సెలవులో వచ్చినప్పుడు ఏ ఆయుధమూ లేకుండా మనిషిని ఎట్లా పడెయ్యాలో ఒక హవల్దారు నేర్పాడని, గంపలోని సొరకాయ తీసి రెండు చేతుల మధ్య పెట్టి నవ్వుతూ చూపించాడు. తొడిమ దగ్గర టక్కుమని విరిగింది. ఆ చేతులే ఇప్పుడు మోకాళ్ళ మీద ఊరికే ఉన్నాయి. వాటిని చూడకూడదనుకుంటూనే చూస్తోంది. తెల్లవారగానే వాడు చొక్కా తొడుక్కుంటుంటే, పులివెందుల రంగనాయకులకు నాకొక మొక్కుంది, నేనూ వస్తానంది. వాడు గుండీ పెట్టుకోవడం ఆపి ఆమెను కాసేపు చూసి, “రా” అన్నాడు. మొక్కు అబద్ధం. ఒక అబద్ధం ఆడిన నోటికి రెండోది ఎంత సులువుగా వస్తుందో అని ఆమెకే ఆశ్చర్యమైంది. దోవలో చెప్పెయ్యాలి. జమ్మలమడుగు దాటేలోపల చెప్పాలి. సరే, జమ్మలమడుగులో జనం ఎక్కుతారు దిగుతారు, ముద్దనూరు గేటు దగ్గర చెప్పాలి. ఏదేమైనా తొండూరు దాటేలోపల చెప్పి తీరాలి, తొండూరు దాటితే ఇంకేముంది.

బస్సు కదిలింది. పత్తిమిల్లుల వీధి వెనక్కి పోయింది, ఊరి చివర తమలపాకుల బేరం చేసేవాళ్ళ గంపలు పోయాయి, వేడిగాలి మొహాన కొట్టింది. గాలికి దస్తగిరి జేబు అంచు కొట్టుకుంటుంటే ఆమె చెయ్యి తనంతట తానే దాన్ని సర్దబోయి ఆగింది. ఏ అధికారంతో సర్దుతుంది? వీడు తన బిడ్డేనా? ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయాక వీడు పుట్టాడు. నాలుగోవాడు నిలవాలంటే బిడ్డను అమ్మెయ్యాలన్నారు పెద్దలు. పుట్టిన పదకొండో నాడు పక్కింటి ఖాజాబీ చాటలో సోలెడు తవుడు తెచ్చి గడపవతల నిలబడింది. ఈమె గడపివతల నిలబడి బిడ్డను చాటలో పెట్టి, తవుడు కొంగులో పోయించుకుంది. ఇక బిడ్డ ఖాజాబీది, ఈమె పెంచడానికి అడిగి తెచ్చుకున్నది. ఈ బిడ్డ నాది కాదు పరాయివాళ్ళది అని ఏ దుష్టశక్తి అడిగినా చెప్పుకోవచ్చు. దర్గాకు తీసుకుపోయి దస్తగిరి అని పేరు పెట్టించింది ఖాజాబీయే. గుమాస్తా కొడుక్కి ఇదేం పేరని అత్తగారి తరఫువాళ్ళు పెళ్ళిళ్ళలో ఎగతాళి చేసేవాళ్ళు. చెయ్యనీ, బతికాడు కదా. ఆ మరుసటేడు ఖాజాబీకి ఇక్బాల్ పుట్టాడు. కొన్న కొడుకు ఒకడు, కన్న కొడుకు ఒకడు అని ఆమె ఇద్దర్నీ చెరొక పక్క కూర్చోబెట్టుకుని సేమ్యా పెట్టేది. తవుడుకు అమ్ముకున్న బిడ్డ బతుకు గురించి దొరలకు జాబు రాయడానికి అసలు నువ్వెవరు శ్యామలమ్మా.

కానీ ఆ సొరకాయ విరిచిన సాయంత్రం వాడు చెప్పిన మాటలు విన్న ఏ తల్లికి నిద్ర పడుతుంది? చైనా యుద్ధమప్పుడు కడపలో ఛాతీ కొలిపించుకుని చేరినవాడు, బెంగుళూరులో వంతెనలు కట్టే పటాలంలో నాలుగేళ్ళుగా ఉన్నవాడు, తిన్నగా ఉన్నాడు కదా అని ఆమె కాస్త గుండె మీద చెయ్యి వేసుకుంటుండగా, కొత్త పటాలానికి పేరిచ్చానన్నాడు. అరుగు మీద గణపతి, మెట్టు మీద ఇక్బాల్, తలుపు చాటున ఈమె. పాకిస్తాను యుద్ధంలో ఒక ఆఫీసరు అన్ని పటాలాలనుంచీ ఇద్దర్నీ ముగ్గుర్నీ ఏరి చిన్న దండు కట్టాడట. వాళ్ళు చీకట్లో హద్దు దాటి, శత్రువు వెనకకు పోయి, వంతెనలు పేల్చి తెల్లవారేలోగా తిరిగి వచ్చేవారట. యుద్ధం అయిపోయాక ఆ దండును చెల్లాచెదురు కానివ్వకుండా, ఆ పనికేనని ప్రత్యేకంగా ఒక పటాలాన్ని గ్వాలియరులో నిలబెట్టారట. అంత సైన్యముండగా ఆ పిడికెడు మందితో ఏం పనిరా అని గణపతి అడిగాడు. “పెద్ద దండు తలుపు పగలగొడ్తాది నాయనా. వీళ్ళు ముందే లోపలికి పోయి గడియ తీసి పెడ్తారు,” అన్నాడు దస్తగిరి. ఆ మాట చెప్పేటప్పుడు వాడి మొహం చూసింది. విమానంలోంచి గొడుగు కట్టుకుని దూకాలట. మణుగు బరువు వీపున వేసుకుని రాత్రంతా పరిగెత్తాలట. మూడు నెలలు పరీక్ష. నూరుమంది పోతే పాతికమంది నిలుస్తారట. ఎవర్నీ బలవంతం చెయ్యరు, వద్దనుకున్నవాడు ఏ క్షణమైనా సంచి సర్దుకోవచ్చు, అడిగేవాళ్ళుండరు. అన్నిటికంటే ముందు వాళ్ళు నేర్పేది, చూసింది చూసినట్టు చెప్పడం. ఒకడు ముందుగా పాక్కుంటూ పోయి చూసి వస్తాడు, వాడు చెప్పిన మాట మీద వెనకున్న ఇరవైమంది ప్రాణాలు ఉంటాయి. భయపడి ఒకటి ఎక్కువ చెప్పినా, మెప్పుకోసం ఒకటి తక్కువ చెప్పినా అందరూ పోతారు. నిలిచినవాళ్ళకు ఒక టోపీ ఇస్తారట. ఏం రంగురా అన్నాడు ఇక్బాల్. దస్తగిరి చుట్టూ చూసి, గడపకు పూసి ఎండిన కుంకుమ చూపించి, ఇంతకంటే ఇంకొంచెం నలుపన్నాడు. ఆమెకు కుంకుమ కనబడలేదు, గుడ్డమీద ఎండిన నెత్తురు కనబడింది. ఇక్బాల్ నవ్వాడు, ఛాతీ ఒక్క అంగుళం తక్కువైందని కడపలో వెనక్కి పంపినవాడు. “ఆ టోపీ తెచ్చుకుంటే ఒక్క పూట నాకియ్యిరా, పెట్టుకోని బజారంతా ఒక చుట్టు తిరిగొస్తా,” అన్నాడు. ఇద్దరూ మెట్టు మీద ఒకరినొకరు తోసుకున్నారు. పదేళ్ళప్పుడు గండికోట లోయలోకి తేనెతుట్టె కోసమని చేదతాడు కట్టుకుని దిగింది వీడైతే పైన తాడు పట్టుకున్నది వాడు. తాడు కోసుకుపోయి అరచేతులు రెండూ నెత్తురైనా వదల్లేదు. ఆ గాట్లు ఇప్పటికీ ఉన్నాయి ఇక్బాల్ చేతులకు.

ఆ చేత్తోనే అడ్రసు రాయించింది.

దస్తగిరి గ్వాలియరు చేరిన రెండో నెలలో ఒకనాడు, గణపతి ఆఫీసుకు పోయాక, వంటింట్లో చెక్కపీట మీద కాగితం పెట్టుకుని రాసింది. ఐదో తరగతి చదువు. కొడుక్కి నాలుగేళ్ళుగా నెలకు రెండు జాబులు రాసిన చెయ్యి, చలించలేదు. మహారాజశ్రీ పెద్ద దొరగారి సముఖమునకు అని మొదలుపెట్టి, తమ వద్ద చేరిన దస్తగిరి అను పిల్లవానికి చిన్ననాటినుండి మూర్ఛలు గలవు, తల్లిదండ్రులు సిగ్గుచే దాచిపెట్టిరి, ఎత్తునుండి దుమికించిన ప్రాణాపాయము, ఇట్లు ఒక శ్రేయోభిలాషి అని ముగించింది. ఆకాశరామన్న ఉత్తరాలు రాసేవాళ్ళను గురించి అంతకుముందు ఎంత చులకనగా మాట్లాడేది. ఇంగ్లీషులో రాయించాలంటే ఊళ్ళో నలుగురికి తెలుస్తుంది. తెలుగైతే ఏం? ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజు, దస్తగిరికి తొమ్మిదేళ్ళు, గణపతి మిఠాయి పొట్లం తెచ్చి, ఇంక సర్కారుకు మన భాషలో రాసుకోవచ్చే, మన భాషలోనే జవాబొస్తుందే అని పెళ్ళికొడుకులాగా తిరిగాడు. ఆమె నమ్మింది. కర్నూలు సర్కారైనా హైదరాబాదు సర్కారైనా ఢిల్లీ సర్కారైనా సర్కారు సర్కారే. అంత పెద్ద పటాలంలో తెలుగు చదవడానికి తన మొగుడిలాంటి గుమాస్తా ఒకడు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుని ఉంటాడనే అనుకుంది. కవరు మీద అడ్రసు మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. ఇక్బాల్‌ను పిలిచింది. మీ దస్తగిరికి పిల్లనిస్తామని ఎవరో వచ్చారు, నాలుగు రోజులు సెలవియ్యమని రాశాను, మీ పెదనాయనకు తెలిస్తే పటాలం విషయాల్లో ఆడవాళ్ళకేం పనని అరుస్తాడు, ఎవరికీ చెప్పనని నామీద ఒట్టు వెయ్యి అంది. వాడు ఆమె తలమీద చెయ్యి పెట్టి వేశాడు. అడ్రసు రాశాడు, తపాలాఫీసుకు పోయి రిజిష్టరు చేయించి, పంపినవారి పేరు దగ్గర తన పేరే రాసి వచ్చాడు. దాయాలని తెలియని పిల్లవాడు.

జమ్మలమడుగు వచ్చింది. మిషనాసుపత్రి గోడ వెంబడి బస్సు నెమ్మదిగా పోయింది, గేటు దగ్గర బిడ్డల్ని భుజాన వేసుకుని ఆడవాళ్ళు. ఆ ఆసుపత్రిలోనే, ఆ వేపచెట్టు కిందనే, తొమ్మిది నెలల బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఒక మధ్యాహ్నమంతా కూర్చుంది. జ్వరానికి ఒళ్ళు కాలి, బస్సులోనే కళ్ళు పైకి తేలేసి, కాళ్ళూ చేతులూ బిగుసుకున్నాయి. దొరసానమ్మ తడిగుడ్డ చుట్టి, పసిపిల్లలకు జ్వరంలో వస్తుంటాయమ్మా, ఇంక రాదులే, ఇంటికి పో అంది. నిజంగానే రాలేదు, ఇరవై రెండేళ్ళలో మళ్ళీ ఒక్కసారి రాలేదు. ఆ ఒక్క మధ్యాహ్నాన్ని దాచిపెట్టుకుని, సాగదీసి, చిన్ననాటినుండి అని రాసింది. అది పూర్తిగా అబద్ధం కాదుగా అని మొదటి నెల తనకు తాను చెప్పుకుంది. రెండో నెలనుంచి చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు. చెప్పెయ్. జమ్మలమడుగు దాటుతోంది, చెప్పెయ్. ఎవరో కోడిని కాళ్ళుకట్టి తెచ్చి సీటు కింద పెట్టారు, అది ఆమె పాదం మీద రెక్క కొట్టుకుంది, ఆ వంకతో కాళ్ళు ముడుచుకుని ఊరుకుంది. బస్సు పెన్న దాటుతుంటే ఇసకలో ఎక్కడో ఒక నీటిగీత మెరిసింది. అటువైపు కొండల్లో గండికోట ఉంటుందని వాడు చిన్నప్పుడు కిటికీలోంచి చెయ్యి చాచి చూపించేవాడు. ఇప్పుడు అటే చూస్తున్నాడు, చెయ్యి చాచలేదు.

జవాబు ఆమెకు రాలేదు, గణపతికి వచ్చింది, కార్డు మీద నాలుగు వరుసలు. నాకు చిన్నప్పటినుంచి మూర్ఛలున్నాయని మన ఊరినుంచి ఒక జాబు వచ్చింది. అట్లాంటివాళ్ళను ఇక్కడ ఉంచుకోరు. నన్ను పాత పటాలానికి తిప్పి పంపారు. నేను క్షేమం, మీరు దిగులు పడవద్దు. రెండు నెలల పదిహేను రోజులు నిలిచాడట, ఇంక పదిహేను రోజులుంటే టోపీ. అది తర్వాత తెలిసింది. కార్డు విన్న క్షణంలో మాత్రం ఆమెకు సంతోషమే కలిగింది, దేవుడి గూటి దగ్గరికి పోయి దీపం పెట్టింది, ఆ దీపాన్ని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళంతా చీదరగా ఉంటుంది. గణపతి ఊరుకోలేదు. తపాలాఫీసులో తెలిసినవాళ్ళచేత పుస్తకం తిప్పించాడు. ఇక్బాల్ పేరు బయటపడింది. ఛాతీ చాలక వెనక్కి వచ్చినవాడు, కడుపుమంట, ఇంకేం కావాలి ఊరికి? ఖాజాబీ వినీవినగానే కాలి చెప్పు తీసి, నడివీధిలో, నమాజుకు పోయేవాళ్ళు చూస్తుండగా, ఎదిగిన కొడుకును కొట్టింది. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. అబ్బా అనలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తల తిప్పి ఈ తలుపు వైపు చూశాడు. తలుపు సందులో ఈమె ఉంది. చూశాడు, మళ్ళీ తల తిప్పుకున్నాడు. ఆ సాయంత్రమే సంచి పట్టుకుని ఊరొదిలి పోయాడు. ఖాజాబీ ఈ గడప దగ్గర కూలబడి, “నేను కొన్న బిడ్డను నేను కన్న బిడ్డే పొడిచినాడు కదా శ్యామలమ్మా,” అని ఏడిస్తే, ఈమె ఏం చేసింది? లోపలికి పోయి కుండలోంచి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. వీపు నిమిరింది. ఊరుకో ఖాజమ్మా, పిల్లల బుద్ధులు మన చేతుల్లో ఉంటాయా అంది. ఆ మాట అన్న నాలుకను రాళ్ళతో తోమినా శుభ్రం కాదు. అప్పటినుంచి నాలుగు నెలలు. ఖాజాబీ ఈ వీధిన రావలసివస్తే మొహం నిండా కొంగు లాక్కుని గోడవారగా పోతుంది. తప్పు చేసినదాని నడక అది. తను నడవాల్సిన నడకను ఆమె నడుస్తోంది.

ముద్దనూరు రైలుగేటు వేసి ఉంది. బస్సు ఆగింది, ఇంజను ఆగింది, ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఇప్పుడు. నాయనా ఒక మాట అంటే చాలు, తర్వాతివి వాటంతటవే వస్తాయి. నోరు తెరిచింది. అంతలో వెనక సీటులోని తెల్లగడ్డం ముసలాయన మూట చంకన పెట్టుకుని లేచి ముందుకు వచ్చాడు. ముద్దనూరులో దిగవలసినవాడు, గేటు దగ్గరే దిగిపోదామని. ప్రొద్దుటూరులో పరుపులు కుట్టే నబీ రసూల్. దస్తగిరి జుట్టు కత్తిరింపు చూసి పటాలమా అప్పా అని అడిగాడు, పేరడిగాడు, పేరు విని నిలబడిపోయాడు. గణపతిసారు కొడుకువా, ఆకాశంలోంచి దుమికే పటాలానికి పోయింది నువ్వేనా అన్నాడు. దస్తగిరి తలూపాడు. ముసలాయన మూట కింద పెట్టాడు. రెండు చేతులూ జోడించాడు.

“మా పిల్లోడు చేసిన పనికి మేము తలెత్తుకోలేకుండా ఉండామప్పా. ముందే యుద్ధమైన రోజులు. సాయిబుల పిల్లోడు పటాలపోన్ని చెరిపినాడంటే జనం మమ్మల్ని యా కంటితో చూస్తారో నువ్వే చెప్పు. వాడు కాదు, నేను మాపు అడుగుతాండా. మనసులో పెట్టుకోవద్దు.”

దస్తగిరి లేచాడు. ముసలాయన చేతులు పట్టుకుని కిందికి దించాడు. “నువ్వేం చేసినావని తాతా? దించు చేతులు. నువ్వు పెట్టగూడదు,” అన్నాడు. మూట తనే అందుకుని, మెట్టు దాకా పోయి దింపి వచ్చి, మళ్ళీ కిటికీ దగ్గర కూర్చున్నాడు. శ్యామలమ్మకు ఆ జోడించిన చేతులు కదలకుండా కళ్ళముందే నిలబడ్డాయి. సూదిపోట్లతో మొద్దుబారిన వేళ్ళు. తన ఇంట్లోంచి, తన చెక్కపీట మీదినుంచి బయలుదేరిన ఒక కాగితం ఎంతమంది చేతులు జోడింపజేస్తోంది. ఖాజాబీ వరకే అనుకుంది, ఒక వీధి వరకే అనుకుంది. ఇంత దూరం వస్తుందని ఎప్పుడైనా చూసిందా? జరగని చెడులన్నిటినీ ముందే చూసే కన్ను, చేద తెగడం, కొంగు అంటుకోవడం అన్నీ చూసే కన్ను, తను చేస్తున్న చెడును మాత్రం ఒక్కదాన్నీ చూడలేదే. గూడ్సుబండి వచ్చింది, పెట్టె తర్వాత పెట్టె, బొగ్గు, బండలు, బొగ్గు, ఎంతకీ అయిపోదు. అయిపోయింది. గేటు లేచింది. బస్సు పట్టాలు దాటి ఒక్కసారి ఎగిరిపడింది, ఆ కుదుపుకే ఊడిపడినట్టు మాట బయటికి వచ్చింది.

“దస్తగిరీ. ఆ జాబు ఇక్బాలు రాయలేదు నాయనా. నేను రాసినా. సెలవు కోసరమని చెప్పి వానితో అడ్రసు రాయించినా. చెప్పొద్దని నామీద ఒట్టేయించుకున్నా. వాన్ని కొడ్తాంటే చూస్తా నిలబడినా.”

వాడు కదల్లేదు. కిటికీ చువ్వ మీద పెట్టిన చెయ్యి అక్కడే ఉంది. విన్నాడా? ఇంజను హోరులో వినపడలేదేమో, మళ్ళీ చెప్పాలా, రెండోసారి చెప్పే బలం తనకు లేదు. చెవి వెనక నరం ఒకటి కొట్టుకుంటోంది, విన్నాడు. ఇప్పుడు తిరుగుతాడు, ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు బస్సు ఆపమని దిగిపోతాడు, ఇంక జన్మలో గడప తొక్కడు. అన్నిటినీ వరసగా అనుకుని పెట్టుకుంది, ఒక్కటీ జరగలేదు. వేరుశనగ పీకేసిన చేలు ఎర్రగా, బోడిగా వెనక్కి పోతున్నాయి. నువ్వు చస్తావని భయపడి రాశాన్రా అని చెప్పబోయి ఆగింది. ఇప్పటికైనా ఉన్నది ఉన్నట్టు చూసుకోవే అని తనను తాను అడిగింది. భయమేనా? గడప మీది కుంకుమ చూపించి టోపీ రంగు చెప్పినప్పుడు వాడి మొహంలో ఒక వెలుగు వచ్చింది. పుట్టినప్పటినుంచి ఆ మొహాన్ని చూస్తోంది, తను వండినదానికి గానీ, తను కుట్టించిన చొక్కాకు గానీ, తను చెప్పిన ఏ మాటకు గానీ అంత వెలుగు ఎప్పుడూ రాలేదు. తను లేని చోట, తనకు పేరు తెలియని ఊళ్ళో వాడికి అంత సంతోషం ఉందని ఆ సాయంత్రం తెలిసింది. అది ఓర్చుకోలేకపోయింది. మూర్ఛలని రాసింది వాడి ప్రాణం కోసమే కావచ్చు. కలం అంత కుదురుగా నడిచింది మాత్రం ఈ ఓర్వలేనితనం వల్ల. ఇది వాడికి కూడా చెప్పాలా? చెప్పాలేమో. ఇంకో పొద్దు. తొండూరు వచ్చింది. బస్సు ఆగింది, నలుగురు దిగారు, కోడి దిగిపోయింది. తొండూరు పోయింది. తొండూరు దాటేలోపల చెప్పింది, మాట నిలబెట్టుకుంది, ఏం లాభం, వాడి మౌనం పక్కన కూర్చోవడం ఇంత కష్టంగా ఉంటుందని తెలియలేదు. ఒక మైలురాయి. ఇంకొకటి. ఎండ కిటికీ మారి ఆమె ఒళ్ళోకి వచ్చింది. ఇక్బాల్ కనబడగానే ఏమనాలి? కాళ్ళు పట్టుకుంటే వాడు వెనక్కి దూకుతాడు, పెద్దమ్మా అంటాడు, ఆ పిలుపు ఎట్లా తట్టుకోవాలి? ఆ తర్వాత ఖాజాబీ గడప. ఆ తర్వాత నబీ రసూల్ పరుపుల కొట్టు, నలుగురు వింటుండగా. గణపతి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు, తుడుచుకుంటూనే ఉంటాడు.

పులివెందుల వచ్చింది. జనం బిలబిలమని దిగారు, మూటలు దిగాయి, కండక్టరు బయట నిలబడి బీడీ ముట్టించాడు. బస్సులో ఇద్దరే మిగిలారు. దస్తగిరి లేవలేదు. కిటికీలోంచి బస్టాండు అవతల ఒక రేకుల షెడ్డు వైపు చూస్తున్నాడు. అక్కడ ఎవరో ఒక కుర్రవాడు నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ, నుదుటి మీద అరచెయ్యి అడ్డంపెట్టి, వచ్చిన బస్సునే చూస్తున్నాడు. అప్పుడు, మొహం తిప్పకుండానే, కొడుకు మాట్లాడాడు.

“నీ జాబు చదివింది నేనే మా.”

ఆమెకు అర్థం కాలేదు.

“ఆడ తెలుగొచ్చినోడు నేనొక్కన్నే. పెద్దాయన పిల్చి, ఇది మీ భాషంట, చదివి చెప్పు అన్నాడు. విప్పుతానే నీ దస్తూరీ అని తెలిసిపాయ. ఉన్నది ఉన్నట్టు చదివినా. రాసిందెవురో తెలుసునా అని అడిగినాడు. మా అమ్మ అని చెప్పినా. ఊరిడిసినాక ఇక్బాల్ ఈడినుంచి నాకు జాబేసినాడు. నిజం చెప్పి ఇంటికి పోరా అని రాసినా. ఒట్టు పెట్టించుకున్న మనిషే వచ్చి విప్పాలంట, అంతవరకు రాడంట. అందుకే నిన్ను రమ్మన్నా.”

లేచి, పై చువ్వల మీదినుంచి సంచి దించుకున్నాడు. ఆమె దిగడానికి దారి ఇచ్చి పక్కకు నిలబడ్డాడు. ఆమె ముందు సీటు పట్టుకుని వాడి మొహంలోకి చూసింది. అబద్ధమని ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదరా, నీకు మూర్ఛల్లేవని నీకు తెలుసు కదరా. పైకి అనలేదు. వాడికి వినబడినట్టే ఉంది.

“మూర్ఛల్లేవని చెప్పినా మా. అప్పుడు ఇంగొకటి అడిగినాడు. మీ అమ్మ అబద్ధాలు చెప్పే మనిషేనా అని.”

షెడ్డు దగ్గరి కుర్రవాడు రోడ్డు దాటి ఇటే వస్తున్నాడు. దస్తగిరి ఆమెకు చెయ్యి అందించాడు.

“కాదన్నా.”